చెల్లెలికి కనబడిన ఆకాశం

బయలుదేరే రోజు

మూత గంట మోగింది. వీధిలో అందరూ కిటికీల ఇనుప రెక్కలు దించుకుంటున్నారు. ఆ చప్పుడుకి కుక్కలు ఓసారి మొరిగి ఊరుకున్నాయి. ఊరి బయట వరికోతలు సాగుతూనే ఉన్నాయి. రాత్రిళ్ళు కూడా ఎండని ఊళ్ళ మీదికి తిప్పే ఆకాశంలోని అద్దాల వెలుగులో మనుషులకి నిద్రపట్టదు గాని వరికి ఆ బెంగ లేదు. పగలూ రాత్రీ పెరుగుతూనే ఉంటుంది. నేను మాత్రం ఇవాళ రెక్కలు దించకుండా గుమ్మంలో పెట్టె పెట్టుకుని కూర్చున్నాను. నల్లమల బస్సు వచ్చే వేళయింది.

ఈ యాత్ర కోసం ఏళ్ళ తరబడి లాటరీలో పేరు వేస్తుంటే ఈసారి తగిలింది. రాత్రి లేకపోతే గుడ్లగూబలూ మిణుగురులూ బతకలేవని, అద్దాల వాళ్ళు నల్లమలలో ఒక్క పట్టీని వెలుగు పడకుండా వదిలేశారు. జనం దాన్ని చీకటి పట్టీ అంటారు. అమావాస్య ముందూ వెనకా కొద్ది రాత్రులు ఓ పదిమందిని అక్కడికి తీసుకెళ్ళి, ఆకాశాన్ని ఫొటో తీయడం నేర్పుతారు.

నా ఉద్యోగం పడకగదుల కప్పుల మీద నక్షత్రాలు అమర్చడం. పిల్లలకోడి చుక్కలు ఏ మూల ఉంటాయో, గొల్లకావడి ఏ నెలలో ఎటు వాలుతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. తెనాలిలో పెళ్ళిళ్ళకి అరుంధతిని చూపించే కప్పులన్నీ నేను అమర్చినవే. అసలు ఆకాశాన్ని మాత్రం ఇంతవరకూ చూడలేదు. మా ఊళ్ళో రాత్రి ఆకాశం పలచటి మజ్జిగలా ఉంటుంది.

ఎవరినైనా తోడు తీసుకెళ్ళొచ్చు. రావలసిన స్నేహితురాలు చివరి నిమిషంలో మానేసింది. ఆ ఖాళీలోకి మా చెల్లెలు మంజీర దూరింది. అది మునిసిపల్ ఈత కొలనులో పిల్లలకి ఈత నేర్పుతుంది. నా పాత కెమెరా అడిగి తీసుకుంది.

"అక్కా, అక్కడ ఫోనుండదా?"

"తెల్ల వెలుగు వచ్చేది ఏదీ తీసుకెళ్ళనివ్వరు."

"మరి అంతసేపూ ఏం చేస్తారు?"

"ఆకాశం చూస్తారు."

"అన్ని రాత్రులూనా?" అని నోరు తెరిచింది. నాకు జాలేసింది. వచ్చాక ఇదెంత విసుక్కుంటుందో అనుకున్నాను.


మొదటి రాత్రి గడిచాక

ఎండ పొడలో కూర్చుని రాస్తున్నాను. ఇక్కడ రాతకోతలన్నీ పగలే.

నిన్న సాయంత్రం బస్సు ఒక మలుపు తిరగ్గానే వెలుగు వెనకబడిపోయింది. విడిదిలో పొద్దు వాలకముందే భోజనం పెట్టారు. జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి. భోజనాల షెడ్డు గోడల నిండా మా గైడు హుసేనమ్మ తీసిన ఫొటోలే. ఆమె ఈ కొండల మనిషే. యాభై దాటి ఉంటాయి. తన ఫొటోలు మేం చూస్తున్నామా లేదా అని తినేటప్పుడు ఓ కంట కనిపెడుతూనే ఉంది. మా గుంపులో పానకాలరావు గారని ఓ పెద్దాయన ఉన్నారు. అద్దాలు తిప్పే కేంద్రంలో పనిచేసి రిటైరయ్యారట. "ఉద్యోగమంతా దాన్ని కప్పేయడమేనమ్మా. పోయేలోగా ఓసారి చూసి పోదామని వచ్చాను" అన్నారు నాతో.

కళ్ళు చీకటికి అలవాటు పడాలని కిటికీల్లేని గదిలో కూర్చోబెట్టి, తర్వాత తాడు పట్టించి ఒక్కొక్కరినే బండ మీదికి తీసుకొచ్చారు. ఎవరో ఏడుస్తున్నట్టు వినబడింది. పానకాలరావు గారనుకుంటాను.

"అమ్మో! అక్కా, ఇన్నున్నాయని చెప్పలేదేం నువ్వు?" అని మంజీర నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

నేను తలెత్తాను. నల్లగా ఉంది. మూత పెట్టిన గిన్నెలో తల దూర్చినట్టుంది. కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాను. అన్నిటికన్నా మెరిసే లుబ్ధకం ఉండాల్సిన చోట ఓ మసక చుక్క ఉందేమో అనిపించింది, అదీ అనుమానమే. నాకు స్పష్టంగా కనబడిందల్లా తూర్పున అడుగున తెల్లటి గీత. అది మా ఊళ్ళ వైపు అద్దాల వెలుగు.

"సప్తర్షుల్లో వసిష్ఠుని పక్కన అరుంధతి ఉండాది. కనపడినోళ్ళు చెయ్యెత్తండి" అంది హుసేనమ్మ.

"చీకట్లో చెయ్యెత్తితే ఎవరికి కనబడుతుందమ్మా?" అన్నారు పానకాలరావు గారు.

"నాకు కనపడుతుంది లే సార్."

నేను చెయ్యెత్తాను.


రెండో రాత్రి గడిచాక

కళ్ళు అలవాటు పడటానికి కొందరికి ఎక్కువసేపు పడుతుందట. హుసేనమ్మ ఎవరికో చెబుతుంటే విన్నాను. ఆ కొందరిలో నేనూ ఉన్నానని సర్దిచెప్పుకున్నాను.

రాత్రి గైడు పక్కకి వెళ్ళినప్పుడు గుంపులో ఒకావిడ "ఆ మూడు చుక్కల పక్కన ఎర్రగా ఉన్నదేమిటండీ?" అని అడిగింది. తూర్పు గీతని బట్టి దిక్కు తెలుసు. వేళ తెలుసు. ఆ వేళకి ఏది ఎక్కడుంటుందో తెలుసు. వేలు పెట్టి చూపించినట్టే చెప్పాను. ఆర్ద్ర గురించి, దాని వయసు గురించి, కింద వాలుతున్న అగస్త్యుడి గురించి. అందరూ నా చుట్టూ చేరారు. హుసేనమ్మ వెనక నుంచి వింటూ ఉందట. "నీకు అన్నీ నోటికే ఉండాయే పాపా" అంది. ఆ మాట చాలు, ఆ గంటసేపు నాకు నిజంగా కనబడుతున్నట్టే ఉంది.

ట్రైపాడ్‌కి చిన్న ఎర్రచుక్క దీపం ఉంటుంది. కెమెరా తెర కూడా ఎర్రగా, మందంగా వెలుగుతుంది. నా ఫొటో తెర మీద వచ్చింది. చుక్కలన్నీ ఉన్నాయి. మా కప్పుల మీద ఉన్నట్టే ఉన్నాయి. ఇంతదూరం వచ్చి చివరికి మళ్ళీ బొమ్మనే చూశాను.

మంజీర మాత్రం ఫొటో సంగతి పట్టించుకోకుండా దుప్పటి పరుచుకుని వెల్లకిలా పడుకుంది. "కొలనులో వెల్లకిలా తేలుతున్నట్టుందక్కా. చెవుల్లో నీళ్ళ చప్పుడొక్కటే తక్కువ" అంది. నాకు ఒళ్ళు మండింది. దానికి ఒక్కదాని పేరు కూడా తెలీదు. తెలుసుకోవాలనీ లేదు. అయినా అన్నీ దానికే కనబడుతున్నాయి.


మూడో రాత్రి గడిచాక

ఇవాళ జరిగింది రాయాలంటేనే చెయ్యి రావడం లేదు.

బండ మీద ఒకచోట చిన్న గుంట ఉంది, అందులో వాననీళ్ళు నిలిచాయి. మేమంతా కెమెరాలు పైకెత్తుకుని ఉంటే మంజీర ట్రైపాడ్ కాళ్ళు ముడిచి కెమెరాని నేలకి ఆనించి, బోర్లా పడుకుని ఆ నీళ్ళని తీసింది. పొద్దున షెడ్డులో అందరి ఫొటోలూ తెర మీద వేశారు. నాది వచ్చినప్పుడు "శుభ్రంగా ఉండాది" అంది హుసేనమ్మ. శుభ్రంగా! గిన్నెల గురించి చెప్పినట్టు.

మంజీరది వచ్చింది. ఇంత గుంటలో ఆకాశమంతా ఉంది. మధ్యలో ఎప్పుడో ఓ కప్ప దూకినట్టుంది, చుక్కలన్నీ ఆ అలల మీద సాగి, తీగల్లా వంకర్లు తిరిగాయి.  హుసేనమ్మ లేచి తెర దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"కప్ప దూకుతుందని తెలుసునా నీకు?"

"తెలుసండీ. రెండు మూడుసార్లు దూకింది. నీళ్ళలోంచి పైకొచ్చే వాళ్ళు ఎప్పుడొస్తారో నాకు తెలిసిపోతుంది, మా కొలనులో పిల్లలతో అలవాటే. అందుకని ఆగాను."

"దీన్ని నా గోడకు పెట్టుకుంటా" అంది హుసేనమ్మ. ఆ గోడల మీద ఇంతవరకూ ఇంకొకరి ఫొటో లేదు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

బయటికొచ్చాక "ఫోకస్ కొంచెం తప్పింది చూసుకున్నావా?" అన్నాను.

"అవునా? మరి నేర్పవా అక్కా ఇవాళ?" అంది, నా భుజం మీద గడ్డం ఆనించి. దానికి ఆ పోటు కూడా తగల్లేదు.

చిన్నప్పటి నుంచీ అంతే. నేను చదివి సాధించింది దానికి నవ్వుతూ దొరుకుతుంది. ఇన్నాళ్ళూ నాకు పెద్దగా పట్టేది కాదు. ఈత దానిది, ఇల్లు దానిది, స్నేహితులు దానివాళ్ళు; ఆకాశం ఒక్కటీ నాదనుకున్నాను.


నాలుగో రాత్రి గడిచాక

మబ్బు పట్టింది. ఎవరినీ బయటికి పంపలేదు. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఈ ఒక్క రాత్రీ అందరూ నాలాగే ఉన్నారు.

పొద్దు మునగకముందే హుసేనమ్మ నన్ను పిలిచింది. ఇక్కడ ఏడాదంతా ఉండి తనకి సాయం చేసే మనిషి కావాలని కిందటేడు ప్రకటన ఇచ్చింది. నేను దరఖాస్తు పెట్టుకున్నాను. నిజానికి నేను వచ్చింది దానికోసం కూడా. ఆ సంగతి మంజీరకి చెప్పలేదు, రాకపోతే నామోషీ అని.

"ఆ కొలువుకి నువ్వనే అనుకున్యా" అంది హుసేనమ్మ. "ఇప్పుడు మీ చెల్లెలి మీదికి పోతాంది మనసు. పేర్లు నేర్పియ్యొచ్చు. సూపు నేర్పియ్యలేం. ఆ యమ్మిని అడిగితే ఉంటానంది. నీతో దాచిపెట్టడం బాగుండదని చెప్తాండా."

నేను "మంచిది" అన్నాను. ఇంకేమంటాను!

గదిలోకి వచ్చేసరికి మంజీర మంచం మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. "అక్కా, హుసేనమ్మగారు ఏదో అడిగారు. నీకు ఇష్టమైతేనే ఉంటాను. నువ్వు తీసుకొచ్చిన చోటు కదా" అంది.

ఇష్టం లేదని ఒక్క మాట అంటే మానేసేది. కాని అంటే నాకు కుళ్ళని తెలిసిపోతుంది. "నీ ఇష్టం" అని గోడవైపు తిరిగి పడుకున్నాను.


అయిదో రాత్రి గడిచాక

చీలమండ వాచింది. మంచం మీదే ఉండి రాస్తున్నాను.

నిన్న ఆకాశం కడిగినట్టుందని అందరూ అన్నారు. మంచు బాగా కురుస్తుందని హుసేనమ్మ ప్రతి లెన్సుకీ వెచ్చగా ఉండే పట్టీ ఒకటి చుట్టించింది. అది లేకపోతే అద్దం మీద చెమ్మ కమ్మి ఫొటో పాడవుతుంది. మంజీరని లోయ అంచున ఉన్న మంచి చోట నిలబెట్టింది. తెల్లవారుజామున పాలపుంత అటునుంచే లేస్తుంది. దాన్ని ఒకే ఫొటోగా చాలాసేపు తీయాలి. ఆ పాలపుంత నాది. మా కప్పుల్లో దాన్ని సరిగ్గా అతికించలేక ఎన్నిసార్లు ఊడదీశానో నాకు తెలుసు.

పానకాలరావు గారి ట్రైపాడ్ కాలు బిగుసుకుపోతే మంజీర ఆయనకి సాయం చేయడానికి వెళ్ళింది. దాని గొంతు దూరం నుంచి వినబడుతోంది. నేను చోటు నుంచి చోటుకి కట్టిన తాడు పట్టుకుని దాని ఎర్రచుక్క దాకా నడిచాను. ఎందుకు నడుస్తున్నానో నాకు తెలుసు. తెలియదని రాయను. కెమెరా తడిమి, లెన్సుకి చుట్టిన పట్టీ విప్పేశాను. అది చేతిలో పిట్టలా వెచ్చగా ఉంది.

అడుగుల చప్పుడయింది. మంజీర వస్తోంది. తాడు పట్టుకునే ఉంటే ఎదురుపడిపోతానని వదిలేసి పక్కకి జరిగాను. నాలుగడుగులు వేశానేమో. వెనక్కి చెయ్యి చాస్తే తాడు లేదు. ఎర్రచుక్క లేదు. ఏదో పొదో రాయో దానికి అడ్డమొచ్చినట్టుంది. అందరి కాళ్ళ కింద నేల ఉంది, నా కాళ్ళ కింద ఉందో లేదో తెలియదు. ఇంకో అడుగు వేశాను. గులకరాళ్ళు జారాయి, వాటితో పాటు నేనూ జారాను. కాలు మడతపడింది. ఓ పొద మొదలు చేతికి దొరికింది. కింద రాళ్ళు పడుతున్న చప్పుడు మాత్రం ఆగకుండా చాలాసేపు వినబడింది.

"అక్కా?" అంది పైనుంచి.

అరవొచ్చు. అరవలేదు. చేతిలో పట్టీ ఉంది.

"అక్కా! నువ్వేనా? పలకవేం?"

నేను ఊపిరి బిగబట్టాను. అప్పుడు ఆకాశం పేలినట్టు తెల్లటి వెలుగు పడింది. ప్రతి చోటా ప్రమాదానికని సీలు వేసి ఉంచే పెద్ద దీపం ఉంటుంది. ప్రాణం మీదికి వస్తే తప్ప దాన్ని ముట్టుకోకూడదు. మంజీర దాన్ని వెలిగించింది. ఆ వెలుగులో నాకన్నీ కనబడ్డాయి. నా కాళ్ళకి జానెడు దూరంలో బండ అయిపోయింది. ఆ తర్వాత ఏమీ లేదు. పట్టీని అందులోకే విసిరేశాను.

మంజీర పాకుతూ వచ్చి నా జబ్బ పట్టి పైకి లాగింది. పైన అందరూ మూగారు. కళ్ళకి చేతులడ్డం పెట్టుకుని తిడుతున్నారు. ఆ ఒక్క వెలుగుతో అందరి ఫొటోలూ తెల్లగా అయిపోయాయి. పానకాలరావు గారు ఒక్క మాటా అనలేదు, తన కెమెరా పక్కన చతికిలబడ్డారు. అదే ఎక్కువ బాధేసింది.

"ప్రాణం మీదికొచ్చిందా?" అని అడిగింది హుసేనమ్మ. ఆ మాట నన్నే అడిగింది.

అవునంటే ఎందుకు పలకలేదని అడుగుతారు. అక్కడెందుకు ఉన్నావని అడుగుతారు.

"లేదండీ. కాస్త జారానంతే. నేనే లేచి వచ్చేదాన్ని. ఇది కంగారు పడింది" అన్నాను.

మంజీర నా వైపు చూసి, దీపం ఆర్పేసింది.


అదే రోజు, సాయంత్రం

అక్కర లేకుండా దీపం సీలు తీసినవాళ్ళకి ఈ చీకటి పట్టీలో కొలువు ఇవ్వకూడదని నియమం. హుసేనమ్మ పొద్దున్నే మంజీరకి చెప్పేసింది. తర్వాత నా మంచం దగ్గరికొచ్చింది.

"నియమం నియమమే. ఇంక నువ్వే నాకు దిక్కు. ఏమంటావు వకుళా?"

"ఉంటాను" అన్నాను. ఆలోచించకుండానే అన్నాను. పగటి పూట ఎలాగోలా నేర్చుకుంటానని, దారులన్నీ కాళ్ళకి అలవాటైపోతాయని లోపల లెక్కలు వేసుకున్నాను.

మంజీర వేణ్ణీళ్ళు తెచ్చి నా కాలికి కాపడం పెట్టింది. "పోన్లే అక్కా, నీకే వచ్చింది. నాకు అలా అనిపించింది గాని, ఏడాది పాటు నా పిల్లల్ని వదిలి ఉండగలనా?" అంది. మొహంలో నవ్వే ఉంది. నవ్వు వెనక ఏమైనా ఉందేమోనని వెతికాను. కాస్త బాధ ఉంది. అసూయ లేదు. నా మీద దానికి అసూయ పడటం కూడా రాదు. నేను గెలిచాక కూడా దాన్ని చూసి కుళ్ళుకోవడానికి ఏదో ఒకటి మిగిలే ఉంటుంది!

సాయంత్రానికి కాలు కొంచెం నడిచేలా అయింది. ఇవాళ ఆఖరి రాత్రి. "మెల్లగా నడు. ముందు మాత్రం నువ్వే నడువు, అలవాటయితాది" అని కబురు పంపింది హుసేనమ్మ.


ఆఖరి రాత్రి గడిచాక

ఆఖరి రాత్రి పెద్ద బండకి వెళ్తారు. అక్కడికి తాడు లేదు. ముందు మనిషి నడిస్తే వెనకవాళ్ళు ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసి వస్తారు. నా భుజం మీద పానకాలరావు గారి చెయ్యి పడింది. ఆయన వెనక మిగతావాళ్ళు, చివర మంజీర, హుసేనమ్మ.

"పదమ్మా. నువ్వుండగా నాకేం భయం?" అన్నారాయన.

గది దగ్గర నేల చదును కాబట్టి కొంత దూరం నడిచాను. చెట్ల చప్పుడు మారింది. గాలి ఎడమవైపు నుంచి చల్లగా తగిలింది. ఎడమవైపు లోయ ఉందన్నమాట. ఎంత దూరంలో? కుడికాలు చాపాను. రాయి తగిలింది. ఎడమకాలు చాపాను. ఏమీ తగల్లేదు. మెట్టో, అంచో తెలియలేదు.

పెద్దాయన చెయ్యి నా భుజం మీద నిశ్చింతగా ఉంది.

"నాకు కనబడటం లేదు" అన్నాను.

"మబ్బొచ్చిందా?" అన్నారు ఆయన తలెత్తి.

"లేదండీ. నాకే కనబడటం లేదు. అందరూ ఉన్నచోటే కూర్చోండి. దయచేసి ఎవరూ కదలొద్దు."

హుసేనమ్మ వరస వెంట ముందుకొచ్చి నా చెయ్యి పట్టుకుంది. నన్ను వెనక్కి ఒక్క అడుగు లాగింది. అప్పుడు తెలిసింది నేనెక్కడ నిలబడ్డానో.

"యెప్పటి నుంచి?"

"మొదటి రాత్రి నుంచీ. అరుంధతి కూడా కనబడలేదు."

ఆమె నా చెయ్యి వదలకుండానే నన్ను కింద కూర్చోబెట్టింది. "మా జేజి చెప్పేది, రేచీకటని. పొద్దు మునిగితే కొందరికి కండ్లు కనపడవంట. అద్దాలొచ్చినాక ఆ మాటే వినలే. రాత్రే లేకపోతే రేచీకటి యాడుంటాది?" అంది.

అంటే ఇది నాకు పుట్టినప్పటి నుంచీ ఉందేమో. చీకటే లేని ఊళ్ళో ఎవరికి తెలుస్తుంది? ఏ చీకటి కోసం ఇన్నాళ్ళు ఎదురుచూశానో అది వచ్చి ఈ మాట చెప్పింది.

ఎవరి మొహమూ కనబడకపోవడం ఒక రకంగా మేలయింది. మిగతాదీ చెప్పేశాను. నిన్న దారి తప్పి పడ్డాననీ, లోయకి జానెడు దూరంలో ఉన్నాననీ, మంజీర దీపం వెలిగించకపోతే పోయేదాన్నేననీ చెప్పాను. నేనబద్ధమాడి దాని కొలువు పోగొట్టాననీ. "పానకాలరావు గారూ, మీ ఫొటో పోవడానికి కారణం మంజీర కాదు, నేను" అన్నాను. మంజీర కెమెరా దగ్గరికి ఎందుకు వెళ్ళానో కూడా చెప్పాను.

దూరంగా గుడ్లగూబ కూసింది.

"అక్కా, ఆ పట్టీ ఏదీ?" అంది మంజీర.

"లోయలో పడేశాను."

"అది హుసేనమ్మగారిది" అంది. అంతే. దాని అడుగులు విడిదివైపు వెళ్ళడం వినబడింది. ఈ యాత్రలో ఆకాశాన్ని వదిలేసి అది తనంతట తాను వెళ్ళిపోవడం అదే మొదటిసారి.

పానకాలరావు గారు నా పక్కన కూర్చున్నారు. నన్ను తిట్టలేదు, ఓదార్చనూ లేదు. హుసేనమ్మ గుంపుని పెద్ద బండకి తీసుకెళ్తుంటే, "నేనీమెని దిగబెట్టి వస్తాను" అన్నారు. "ఇందాక నువ్వు నడిపించావు. ఇప్పుడు నేను నడిపిస్తాను, చెయ్యి ఇవ్వు" అన్నారు. దారిలో ఒకచోట ఆగారు. పైకి చూస్తున్నారని తెలిసింది. నేను ఆగి, ఆయన చూడటం అయ్యేదాకా నిలబడ్డాను.


తిరుగు బస్సు

మంజీర బస్సు దాకా వచ్చింది. రాత్రంతా నిద్రపోనట్టుంది. దాని కొలువు దానికి తిరిగొచ్చిందని హుసేనమ్మ పొద్దున్నే చెప్పింది. నా పెట్టె పైన పెట్టి, దిగి, కిటికీ దగ్గర నిలబడింది.

"కళ్ళ సంగతి ముందే చెప్పకపోవడం అర్థమైంది. నాకైనా సిగ్గేసేది. పట్టీ ఎందుకు తీశావో అది చెప్పు."

"నీకు కనబడింది. నాకు కనబడలేదు."

"అంతేనా?"

"అంతే. అంతకన్నా మంచి కారణం లేదు."

అది కిటికీ చువ్వ పట్టుకుంది. "నేను వెలిగించకపోతే చచ్చిపోయేదానివి. అప్పుడు కూడా పలకలేదు నువ్వు. నాకు అది పోవడం లేదక్కా. నేను కుళ్ళుకునే మనిషినైతే నీ మీద కోపం తెచ్చుకోవడం ఈజీగా ఉండేది. ఎలా తెచ్చుకోవాలో కూడా తెలీడం లేదు."

"తెచ్చుకో. నేర్చుకో" అన్నాను.

బస్సు కదిలింది. అది చెయ్యి ఊపలేదు. పొద్దుటి ఎండలో దాని మొహం నాకు ఎంత బాగా కనబడిందో చెప్పలేను.


తెనాలి, వానాకాలం

కంటి డాక్టరు పాత పుస్తకాలు తిరగేసి మరీ చూశాడు. కంటి వెనక పొర పుట్టుకతోనే అంతట. మందు లేదు. పగలు చూపుకి ఢోకా లేదు. "మన ఊళ్ళో మీకు ఏ ఇబ్బందీ రాదండీ. రాత్రి ఎక్కడుంది గనక!" అని ధైర్యం చెప్పాడు. నేను మళ్ళీ కప్పులు అమర్చుకుంటున్నాను.

మంజీర నాలుగు నెలలు మాట్లాడలేదు. హుసేనమ్మ ద్వారా ఎప్పుడైనా అది తీసిన ఓ ఫొటో వచ్చేది. ప్రతి ఫొటోకీ నాకు కడుపులో మంట రేగేది. బాగుందని మెచ్చుకోలేక, చూడకుండా ఉండలేక, ఒక్కోదాన్ని గంటలు గంటలు చూసేదాన్ని. పేర్లు తెలియకుండా తీసిన ఫొటోల్లో ఏది ఏమిటో నాకే తెలుస్తోందని చిన్న గర్వం కూడా.

నిన్న చీకటి పట్టీ బయటున్న ఆఫీసు నుంచి అది ఫోన్ చేసింది. మాట పొడిగా మొదలుపెట్టింది.

"వానలయ్యాక కొత్త గుంపులొస్తాయి. ఏది ఎక్కడ లేస్తుందో పగలు వాళ్ళకి చెప్పేవాళ్ళు కావాలి. నాకు పేర్లు రావడం లేదు. హుసేనమ్మగారు నీ పేరు చెప్పారు. నేను చెప్పలేదు."

"రాత్రుళ్ళు నేనేం చేయాలి?"

"గదిలో పడుకో. లేదా మాతో వచ్చి కూర్చో. నేను పట్టుకుని తీసుకెళ్తాను. నా చెయ్యి వదలకూడదు, అదొక్కటే షరతు."

నిజం చెప్పడం ఇప్పుడు నాకు కొంచెం అలవాటైంది. "మంజూ, నాకు నీ మీద కుళ్ళు పోలేదు. ఒక్క పిసరు కూడా తగ్గలేదు. అక్కడికొచ్చి నీ పక్కన కూర్చుంటే ఇంకా మండుతుంది" అన్నాను.

అవతల, బస్సు దగ్గర విడిపోయాక మొదటిసారి, అది నవ్వింది.

"మండితే మండు. ఇక్కడ వెలగడమే కదా నిషేధం" అంది.

ఫోన్ పెట్టేశాక కూడా నాకు కోపంగానే ఉంది. అంత మంచి మాట కూడా దానికే తట్టాలా! కోపంతోనే అటక మీంచి పెట్టె దించి, బట్టలు సర్దుకోవడం మొదలుపెట్టాను.